నేను దాచిన స్క్రూడ్రైవర్

మొన్న బోధన్‌లో మా మేనకోడలి గృహప్రవేశం రోజు, భోజనాలయ్యాక, ఎప్పటిలాగే మా బావ నన్ను నలుగురి మధ్య కూర్చోబెట్టి స్క్రూడ్రైవర్ కథ చెప్పమన్నాడు. వైమానిక దళంలో విమానాల మరమ్మతు పనిలో పదిహేనేళ్ళు ఉండి వచ్చినవాడిని కనుక, మా చుట్టాల ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా నా వంతు వినోదం అదే. మా దగ్గర మోర్తాడ్ ఊరివాడొకాయన ఉండేవాడనీ, పనిముట్లను మూడేసి సార్లు లెక్కపెట్టుకునేవాడనీ, అంతటి లెక్కల మనిషే ఒకనాడు స్క్రూడ్రైవర్ పోగొడితే విమానాన్ని ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విప్పామనీ, ఆయన గొంతునూ వేళ్ళు ముడిచే తీరునూ అనుకరిస్తూ చెప్పాను. అందరూ కడుపుబ్బ నవ్వారు.

చేతులు కడుక్కుంటుంటే ఒకామె నా పక్కకు వచ్చి నిలబడింది. నలభై దాటి ఉంటాయి. ఆ ఊరికి కోడలట.

"కాకా, నువ్వు చెప్పిన మోర్తాడ్ ఆయన మా బాపే," అంది మెల్లగా. "ఇప్పటికి గూడ ఇంటికి తాళమేసి మూడుసార్లు గుంజి సూస్తడు. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు బిడ్డా అంటడు."

కోపంగా అనలేదు. తలవంచుకుని నిజామాబాద్ బస్సెక్కాను.

నా ఈడు వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో కోటగిరి లాంటి ఊరి నుంచి ఫౌజులో చేరి ఎక్కడో ఎడారి అంచున ఉన్న స్థావరంలో పడ్డవాడికి తెలుగు మాట వినబడడమంటే ఏమిటో. మా జట్టులో తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను కొత్తవాణ్ణి, రెండోవాడు ఆ మోర్తాడ్ ఆయన. అన్నా అని పిలిచేవాణ్ణి; నాకన్నా ఆరేళ్ళు పెద్ద, పనిముట్ల పెట్టెకు బాధ్యుడు. వాళ్ళ ఇంటి నుంచి ఉత్తరం వస్తే నాకూ చదివి వినిపించేవాడు; పసుపు ఉడకబెట్టడం మొదలైందట తమ్మీ, అని, ఆ వాసన అక్కడికే వచ్చినట్టు గట్టిగా ఊపిరి పీల్చేవాడు.

పని ప్రాణాలతో ముడిపడింది కాబట్టేమో, మేము ప్రతిదానికీ నవ్వేవాళ్ళం. ఒకసారి పైలట్ కాక్‌పిట్‌లో ఉండగానే నిచ్చెన తీసుకుపోయి ఇంకో విమానానికి వేసి, అందరం చాయ్‌కి వెళ్ళిపోయాం. తిరిగొచ్చేసరికి ఆయన ఎండలో ఎర్రగా కాలి, రుమాలు ఊపుతున్నాడు. ఆయన కూడా చివరికి నవ్వాడు. అన్న మాత్రం ఆ రోజు నవ్వలేదు. ఆ నిచ్చెన సంగతి తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అప్పటినుంచి ఆయన మాకు ఆటవస్తువయ్యాడు. ఆయన్ని అనుకరించడంలో నన్ను మించినవాడు లేడని పేరొచ్చింది. పంజాబీలూ మలయాళీలూ నన్ను తమవాడిగా చూసుకున్నది ఆ విద్య వల్లనే. నా భాష మాట్లాడే ఒక్క మనిషినీ వాళ్ళ ముందు నవ్వులపాలు చేసి నేను వాళ్ళలో కలిశాను.

పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే గాడి ఉండేది. పని మొదలుపెట్టే ముందు లెక్క, విమానం మూతలు బిగించే ముందు మళ్ళీ లెక్క, ఆపైన సంతకం. లోపల చిన్న బోల్టు మరిచిపోయినా ఆకాశంలో అది ఏ తీగెలో ఇరుక్కుంటుందో చెప్పలేం. ఒకరోజు మధ్యాహ్నం, అన్న వెనక్కి తిరిగిన క్షణంలో, ఒక పొట్టి స్క్రూడ్రైవర్ తీసి నా మేజోడులో దోపుకున్నాను. ఆయన లెక్క తప్పితే ముఖం ఎలా ఉంటుందో చూసి, ఓ పది నిమిషాలు నవ్వుకుని తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను.

అన్న ఒకసారి లెక్కపెట్టాడు. రెండోసారి. మూడోసారి లెక్కపెట్టి, ఎవరినీ ఏమీ అడగకుండా, నేరుగా వెళ్ళి అధికారికి చెప్పేశాడు. మాలో ఎవరైనా అయితే ముందు మాలో మేము వెతుక్కునేవాళ్ళం. నేను నోరు తెరిచేలోపే విమానాలన్నీ ఆపేశారు, జీపులు వచ్చాయి, పెద్ద అధికారులు వచ్చారు. నీళ్ళు తాగి వస్తానని చెప్పి, వెనకాల మురికికాలువలో ఆ స్క్రూడ్రైవర్ వదిలేశాను.

నాలుగు రోజులు ఆ విమానాన్ని విప్పాం. అన్న దాని పొట్టలోకి బోర్లా పాకి, చెయ్యి పట్టని సందుల్లో తడుముతుంటే వేళ్ళు చీరుకుపోయి నెత్తురు కారేది. ఆయనకు టార్చి పట్టుకున్నది నేనే. "గిటు పట్టు తమ్మీ, ఇంకొంచెం గిటు," అంటుండేవాడు, నేను పట్టేవాణ్ణి. లేని దానికోసం వెతుకుతున్న మనిషికి వెలుగు చూపించాను.

విచారణలో అన్న తప్పు తనదేనన్నాడు. పొద్దున లెక్కలోనే అది తక్కువై ఉంటుంది, చూసుకోకుండా సంతకం పెట్టి ఉంటానన్నాడు. ఆయన్ని విమానాల దగ్గరి నుంచి తీసి బట్టల గోదాముకు పంపారు. ప్రమోషన్ ఆగిపోయింది. వీలైనంత త్వరగా పదవీ విరమణ తీసుకుని ఊరికి వెళ్ళిపోయాడు. ఆ పెట్టె బాధ్యత నాకిచ్చారు. ఊరికి రైలెక్కే రోజు ఆయన నా భుజం తట్టి, జాగ్రత్తగా లెక్కపెట్టుకోమన్నాడు.

బోధన్ నుంచి వచ్చిన వారానికి మోర్తాడ్ వెళ్ళాను. అన్న గుర్తుపట్టాడు, సంబరపడ్డాడు, కళ్ళంలో ఆరబోసిన పసుపు చూపించాడు. వదిన చాయ్ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టి, మొదటినుంచీ చివరిదాకా చెప్పేశాను. ఆయన పసుపుకొమ్మొకటి తీసి చేతిలో తిప్పాడు.

"అంటే, పొద్దున నేను లెక్క సరిగ్గనే వెట్టిన్నా?"

"సరిగ్గనే వెట్టినవన్నా."

ఆయన లోపలికి తిరిగి వదినను పిలిచాడు. "ఇన్నవా, నేను సరిగ్గనే వెట్టిన్నట. గా తమ్ముడే అంటున్నడు." నాతో మళ్ళీ చెప్పించాడు. ఆయన ముఖంలో కోపం కోసం వెతికాను. ఉంటే నాకు తేలికయ్యేది. వదిన మాత్రం నా వైపు చూడకుండా ఖాళీ గ్లాసు తీసుకుంది.

"నలభై ఏండ్లు రోజూ నాతోని అడిగిండు, పొయ్యి ఆర్పినవా, తలుపు వేసినవా అని. నేను ఇసుక్కున్న. ఎన్నిసార్లు ఇసుక్కున్ననో," అంది.

క్షమించమని అడగడానికే వెళ్ళాను. ఆ మాట విన్నాక అడగలేకపోయాను. అన్న కూడా మళ్ళీ రమ్మనలేదు.

ఇప్పుడు మా పాత జట్టంతా ఫోన్‌లో ఒక గ్రూపుగా ఉన్నాం. అప్పట్లో సెలవుపై వెళ్ళినవాడి క్షేమం తెలియడానికి నెల పట్టేది. ఇప్పుడు ఎవరి మోకాలు నొప్పైనా నిమిషంలో తెలిసిపోతుంది. ఆ వేళ్ళ నెత్తురు, ఆ మురికికాలువ, ఏదీ దాచకుండా హిందీలో రాసి అందులో పెట్టాను. కాసేపటికి ఒకడు పడీపడీ నవ్వే బొమ్మ పంపాడు. తర్వాత ఇంకొకడు. నేను కొత్త కథ కట్టాననుకున్నారు. అది నిజమని మళ్ళీ రాశాను. ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.