ఊయలలో బియ్యం మూట

ఖాళీ ఊయల ఊపకూడదంటారు. అందుకే పాతపోస్టాఫీసు దగ్గర ఊయలలు చేసే వడ్రంగి మౌలాలి, మూడు కిలోల బియ్యం తువ్వాలులో చుట్టి, కొత్త ఊయలలో పడుకోబెట్టి ఊపి చూసేవాడు. పెళ్లయి పదేళ్లయినా తన ఇంట ఊయల కట్టింది లేదు. రేపటి నిలువెత్తు మనిషి ఇంత జాగాలో ఎలా పడతాడా అని ప్రతిసారీ విస్తుపోయేవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఒక ఉదయం, హార్బర్ కళాసీ కృపాకర్ తను చేయించుకున్న ఊయల కోసం వచ్చి, అందులోని మూటను చూసి గొంతు తగ్గించాడు.

"నీకు పుట్టినట్టు సెప్పనేదేటి బావా? పాపా, బాబా?"

"ఇంకా రానేదు బావా," అన్నాడు మౌలాలి, అంతకన్నా మెల్లగా. "ఇయ్యి బియ్యం. బరువు సూత్తన్నాను."

కృపాకర్ ఊయల పట్టుకెళ్లడానికి ముందుకొచ్చాడు. మౌలాలి వంగి మూటను ఎత్తాడు. మెడ నిలవని బిడ్డ తల కింద పెట్టినట్టు, అతని అరచేయి మూట కొస కిందికి దానంతటదే చేరింది.