చలికి పేరుకున్న నూనె

ఢిల్లేశ్వరరావు రెండో స్క్రూ కూడా విప్పి, కంప్యూటర్ పెట్టె పక్క రేకును కుడిచేత్తోనే వెనక్కి లాగాడు. ఎడమచేతిని మోకాలి మీదే ఉంచుకున్నాడు. మణికట్టుకు పైన, డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు ఉబ్బి ఉంది. ఆ చెయ్యి బరువెత్తకూడదు, దాని మీద ఒత్తిడి పడకూడదు.

ఉదయం ఆరున్నర. 2004 జనవరి. కాశీబుగ్గలో భవాని టైపింగ్ సెంటర్ షట్టర్ సగమే లేచి ఉంది. జీడి బట్టీల పొగ మంచులో కలిసి రోడ్డు మీదే నిలిచిపోయింది.

"ఆన్ సెయ్యనా అన్నా?" అంది భవాని.

"సెయ్. నాను సెప్పగానే ఆపీయాల."

ఆమె స్విచ్ నొక్కింది. పెట్టె వెనక ఫ్యాన్ తిరిగింది. ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాన్ మాత్రం ఒక్కసారి వణికి, రెక్క కదలకుండా ఉండిపోయింది.

"ఆపీ."

అతను ఈ పది రోజుల్లో ఆ పెట్టెను మూడుసార్లు విప్పాడు. మూడుసార్లూ మధ్యాహ్నమే. విశాఖపట్నంలో డయాలసిస్ చేయించుకుని రైల్లో వచ్చిన మర్నాడు పొద్దున్నే లేవలేడు. మధ్యాహ్నం చూస్తే ఫ్యాన్ చక్కగా తిరిగేది. మొదటిసారి దుమ్మన్నాడు. జీడి పొగ జిడ్డుతో కలిసి రేకుల మధ్య పట్టిన మసిని బ్రష్షుతో గీకి తీశాడు. రెండోసారి కరెంటు వైరు మార్చాడు. మూడోసారి మెమరీ కార్డు తీసి రబ్బరుతో తుడిచాడు. మర్నాడు పొద్దున్న మిషన్ మళ్లీ ఏడెనిమిది నిమిషాలకే బిగుసుకుపోయేది. కాసేపు ఆపి, మళ్లీ ఆన్ చేస్తే పని చేసేది.

లోపం కంటితో చూడకుండా దానికి పేరు పెట్టకూడదని అతనికి తెలుసు. పదో తరగతి తప్పి, పదహారో ఏట మోటార్లు చుట్టే షాపులో చేరినప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం అది. జీడి ఫ్యాక్టరీల బ్లోయర్లు చుట్టాడు, రేడియోలు, టీవీలు బాగుచేశాడు. టెక్కలిలో ఒక ఆఫీసు పనికిరావని అమ్మేసిన రెండు కంప్యూటర్లు తెచ్చి, రెంటినీ విప్పి ఒకటి నడిపించాడు. దాని పుస్తకంలోని ఇంగ్లీషు మాటలను నిఘంటువులో ఒక్కొక్కటిగా వెతుక్కుని చదివాడు. అతని నోటి నుంచి ఒక మాట వచ్చిందంటే అది చూసిందే అయి ఉంటుందని కాశీబుగ్గలో అందరికీ నమ్మకం. నలభై రెండేళ్లకు కిడ్నీలు పాడయ్యాక, మొదటిసారి, చూడకుండా మూడు పేర్లు పెట్టాడు. అందుకే నిన్న భవానికి కబురు పంపాడు, తను వచ్చేదాకా మిషన్ ఆన్ చెయ్యొద్దని.

ఫ్యాన్ రెక్కను వేలితో తోశాడు. బురదలో తోసినట్టు కదిలింది. నడిమి స్టిక్కర్‌ను గోరుతో లేపాడు. ఇరుసు చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది.

"ఇదేటన్నా, మైనంలాగున్నాది?"

అతను కొంచెం గీకి వేళ్ల మధ్య రుద్దాడు. కరిగిపోయింది. వాసన చూశాడు.

"కొబ్బరి నూనె."

"ఓలమ్మ! దీన్లోకి ఎలగొచ్చింది?"

"నానే ఏసాను. మే నెల్లో ఇది గీమని అరిత్తే, నా దగ్గర మిసన్ నూనె అయిపోనాది. నువ్వు తల నూనె సీసా ఇచ్చినావు. వారంలో కొత్త ఫ్యాన్ తెచ్చి ఏత్తానన్నాను. ఆ వారమే నన్ను విశాఖపట్నం అట్టుకెల్లిపోనారు."

ఎండాకాలమంతా ఆ నూనె బాగానే పనిచేసింది. చలి రాగానే గూట్లో సీసాలోని నూనెలాగే ఇదీ రాత్రికి పేరుకుపోయింది. పొద్దున్న ఫ్యాన్ తిరగదు. ప్రాసెసర్ వేడెక్కిపోయి మిషన్ బిగుసుకుపోతుంది. ఆ వేడికే నూనె కరుగుతుంది. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది. మధ్యాహ్నం చూసినవాడికి ఏ లోపమూ కనిపించదు. ఈ ఉద్దానం ప్రాంతపు ఇళ్లలో కిర్రుమన్న తలుపుకైనా కుట్టుమిషనుకైనా చేతికందేది ఆ సీసాయే. ఆవేళ అతను కూడా రెండోసారి ఆలోచించలేదు.

భవాని ఆ ఫ్యాన్ వైపు చూసి, "నువ్వు దుమ్మన్నావు. వైరన్నావు," అంది.

"అన్నాను. సూడకుండా అన్నాను."

"నాలుగు పార్టీలు ఎదర సెంటరోడి కాడికి ఎల్లిపోనాయి."

ఆమె భర్త సుమన్ కూడా ఇదే రోగంతో నాలుగేళ్ల కింద పోయాడు. ఇంటి వెనక కొబ్బరి తోట అమ్మి ఈ పాత మిషన్ కొంది. బయోడేటాలు, అర్జీలు అప్పుడప్పుడు వస్తాయి. రోజూ వచ్చేవి పెద్దకర్మ కార్డులే. వజ్రపుకొత్తూరు, కవిటి వైపు ఊళ్ల నుంచి ఫోటోలు పట్టుకుని వస్తారు. ఎక్కువగా పెళ్లి ఫోటోలే. పక్కనున్న పెళ్లికూతురిని చెరిపేసి, పోయినవాడి ముఖం ఒక్కటే కార్డు మీద పెడుతుంది. ఈ ప్రాసెసర్ మాడితే దీనికి సరిపోయేది ఇప్పుడు దొరకదు. మొత్తం మిషన్ మార్చాలి. అది ఆమె వల్ల కాదు.

"ఫ్యాన్ ఈ రోజే మార్సాల," అన్నాడు అతను. "రేపు మల్లీ విశాఖపట్నం ఎల్తాను. ఎప్పుడు లెగుత్తానో నాకే తెల్దు."

తొమ్మిదికి ఉమాశంకర్ ఎలక్ట్రానిక్స్ షాపు తెరిచాడు. ఆ సైజుకు పట్టే ఫ్యాన్లు రెండే ఉన్నాయి. రెండూ వేడిని పీల్చే అల్యూమినియం దిమ్మతో సహా వచ్చేవే. ఒకటి నీలం లైట్లతో మెరుస్తోంది, రెండోది నల్లగా, మొద్దుగా ఉంది.

"లైట్లది అట్టుకెల్లు బావా. కుర్రోళ్లందరూ అదే అడుగుతున్నారు."

"నాను కుర్రోడినేటి?"

అతను రెంటినీ చేతిలో పెట్టి బరువు చూశాడు. జేబులోంచి బ్లేడు తీసి, దాని అంచును దిమ్మ అడుగున నిలబెట్టి వెలుతురుకు పట్టాడు. లైట్లదాని కింద సన్నగా వెలుగు కనిపించింది. నల్లదాని కింద ఏమీ కనిపించలేదు.

"సిన్న వొంకరే గదా. ఎవలు సూత్తారు?" అన్నాడు ఉమాశంకర్.

"ప్రాసెసర్ సూత్తది."

రెక్కలను వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. స్టిక్కర్ కొసలు లేపి చూశాడు. లైట్లదానిలో ఇత్తడి బుష్ ఉంది, నూనె కావాలి, అది ఎప్పటికైనా ఆరిపోతుంది. నల్లదానిలో చిన్న గుండ్ల బేరింగ్ ఉంది, నూనె అక్కర్లేదు. దానికి మూడో వైరు కూడా ఉంది. ఫ్యాన్ ఎంత జోరుగా తిరుగుతోందో ఆ వైరు మిషన్‌కు చెబుతుంది, ఆగిపోతే మిషన్ అరుస్తుంది. నల్లదాన్ని, వేడిని లాగే తెల్ల పేస్టు ట్యూబును తీసుకున్నాడు. పేస్టు అక్కర్లేదు, అడుగున రబ్బరు ముక్క ఉంది కదా అన్నాడు ఉమాశంకర్. అతను ఆ ముక్కను అక్కడే గీకి తీసేశాడు.

తిరిగి వచ్చేసరికి సెంటర్‌లో సోమేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. అతనిది పూండి పక్క ఊరు. పోయింది అతని తమ్ముడు, ముప్పై నాలుగేళ్లవాడు. ఎల్లుండి పెద్దకర్మ. కార్డులతో పదిన్నర బస్సెక్కాలి.

"అయిపోనాయా కార్డులు?"

"ఫ్యాన్ ఏత్తన్నాం మావా. కూసో," అంది భవాని.

"కూసోడవేనా ఎప్పుడూ? మా ఓడు బతికున్నప్పుడు ఆస్పత్రి మిసన్ కోసం కూసున్నాం. సచ్చినాకా మిసన్ కోసవే కూసోవాలేటి?"

ఢిల్లేశ్వరరావు పాత ఫ్యాన్ దిమ్మను కొంచెం అటూ ఇటూ తిప్పి, అంటుకుపోయిన పాత పేస్టు వదిలాక పైకెత్తాడు. స్పిరిట్ దూదితో ప్రాసెసర్ తుడిచాడు. మధ్యలో బొటనవేలి గోరంత పలక, నల్లటి అద్దంలా ఉంది. దానికి పైన మూత లేదు. దిమ్మ వంకరగా కూర్చుంటే, స్క్రూడ్రైవర్ జారితే అంచు పగులుతుంది. పగిలితే అతికించేది ఉండదు. బియ్యపు గింజంత పేస్టు పెట్టి, బ్లేడుతో పల్చగా పరిచాడు.

దిమ్మను సమంగా దించి, బిగింపు స్ప్రింగును అవతలి కొక్కేనికి తగిలించాడు. ఇక ఇవతలి కొసను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా కిందికి నొక్కి, బయటికి తోసి తగిలించాలి. ఒక చెయ్యి నొక్కుతుంటే రెండో చెయ్యి దిమ్మను కదలకుండా పట్టాలి. స్క్రూడ్రైవర్ పెట్టాడు. కొన వణికింది. తీసేశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ వణికింది.

"నువ్వు నొక్కు," అన్నాడు.

"నానా? పగిలిపోతే?"

"నా సేతిలో అయితే పగుల్తది. నీ సేతిలో పగలకపోవచ్చు."

"ఆ మాట ధైర్నం సెప్పడవేనా?"

"ఉన్నది సెప్పాను. నా కార్డూ ఈ మిసన్లోనే కొడతావు. మంచి ఫ్యాన్ ఏసుకోవాల గదా."

"నోరుముయ్యన్నా. అంత పొడుగు పేరు కార్డులో పట్టదు."

సోమేశ్వరరావు నవ్వబోయి ఆగిపోయాడు.

భవాని చెంగు దోపుకుని పెట్టె మీదికి వంగింది. పెళ్లికి ముందు ఆరేళ్లు జీడిపప్పు ఒలిచిన చెయ్యి అది. పప్పు విరగకుండా పొట్టు ఎంత బలంతో తియ్యాలో ఆ వేళ్లకు తెలుసు. ఢిల్లేశ్వరరావు కుడి అరచేత్తో దిమ్మ నాలుగు మూలలూ సమంగా ఉండేలా పట్టాడు.

"తిన్నగా కిందికి. పక్కకి తొయ్యకు. ఇంకా. ఇంకా. భయపడి మద్దెలో ఆపకు, అప్పుడే జారుద్ది. ఇప్పుడు బయటికి."

టక్ మంది.

స్ప్రింగు పడితే అదే చప్పుడు. పలక పగిలినా అదే చప్పుడు. అతను వంగి కొక్కేన్ని చూశాడు. పట్టింది. పలక దిమ్మ కింద ఉంది, కనిపించదు. మూడు వైర్ల ప్లగ్గు పెట్టాడు.

"ఆన్ సెయ్."

నల్ల ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగానే ఉంది. భవాని కన్ను తెర మీదినుంచి తియ్యలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోందో, మొక్కుకుంటోందో. బీప్ మని ఒక్కసారి మోగి, తెర మీద అక్షరాలు పడ్డాయి.

ఆమె ప్రింటర్‌లో కార్డులు సర్దింది.

అతను ఒక మీట నొక్కి వేడి చూపించే పేజీ తెరిచాడు. ముప్పై ఆరు. ముప్పై తొమ్మిది. నలభై రెండు దగ్గర నిలబడింది. పావుగంట చూశాడు. అక్కడే ఉంది. సోమేశ్వరరావు బస్సు గురించి గొణిగాడు. అయినా పావుగంట నిండేదాకా అతను లేవలేదు.

"ఇంక కొట్టు," అన్నాడు.

ప్రింటర్ ఒక్కో కార్డే బయటికి తోసింది. పసుపు పెట్టని తెల్ల కార్డులు. తమ్ముడి భుజం దగ్గర పెళ్లిదండ అంచు కొంచెం మిగిలిపోయింది. సోమేశ్వరరావు దానిని వేలితో చూపించబోయి, వద్దనుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఢిల్లేశ్వరరావు పక్క రేకును జరిపి పెట్టాడు. స్క్రూలు భవాని బిగించింది. "దీన్లో నూనె ఎయ్యకు. ఎవడైనా ఏత్తానంటే, నాను ఓసారి ఏత్తే ఏటయిందో సెప్పు," అన్నాడు. పాత ఫ్యాన్‌ను కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఈ పనికి ఏమివ్వాలని ఆమె అడగలేదు. అడుగుతుందని అతనూ అనుకోలేదు.

పదీ ఇరవైకి యాభయ్యో కార్డు పడింది. భవాని కట్ట సర్ది, రబ్బరు బ్యాండు వేసి, రెండు చేతులతో సోమేశ్వరరావుకు ఇచ్చింది.