నవారు గీతలు

పిల్లల రింగాటకు గీతలు దేనితో వేయాలో తేల్చే పని హెడ్మాస్టరు గారు నాకు అప్పగించారు. డ్రిల్లు మాష్టారు బదిలీ మీద వెళ్ళిపోయారు. కొత్తగా చేరిన టీచర్ని, పెళ్ళి కానిదాన్ని కాబట్టి నాకు తీరిక ఎక్కువని ఆయన అనుకున్నారు. ఆ తీరికంతా నవలలకు పోతోందని నేను ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నోరు విప్పాలంటేనే భయపడేదాన్ని, కాదనలేక తలూపాను.

బోగోలు దాటి సముద్రం వైపుగా పోతే మా ఊరు. మా ఆడపిల్లల్ని ఆటల కోసం పొలిమేర దాటి పంపేది లేదని పెద్దవాళ్ళు తేల్చి చెప్పేశారు. అందుకని బోగోలు పెద్ద స్కూలు జట్టే మా దగ్గరికి రావడానికి ఒప్పుకుంది. అయితే గీతలు ఆట ముగిసేదాకా చెరగకుండా ఉండాలి, లేకపోతే ఆడకుండా వెనక్కి పోతామన్నారు. మా జట్టు నాయకురాలు వలలు వేసేవాళ్ళ ఇంటి పిల్ల. ఆ యేటితో ఆమె చదువు ఆపేస్తున్నారు.

"ఒక్క ఆటైనా బయటోళ్ళతో ఆడాల టీచర్. మాలో మేమే ఎన్నాళ్ళని ఆడతాం?" అని నా వెనకాలే తిరిగేది.

నాకు తెలిసిన గీత ముగ్గు ఒక్కటే. పొద్దున్నే పిండితో కోర్టంతా వేశాను, చేయి తిరిగిన పని కావడంతో దారం పట్టినట్టు వచ్చింది. మా పిల్లలు సాధన మొదలుపెట్టాక చూస్తే, రింగు గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్లలు అడుగు వెనక్కి తీసుకుంటున్నారు, లేదా ఎగిరి దాటుతున్నారు. పుట్టినప్పటినుంచీ ముగ్గు తొక్కొద్దని చెప్పించుకున్న కాళ్ళు అవి.

"తొక్కండి, ఏం కాదు" అన్నాను నెమ్మదిగా.

"మీరు తొక్కండి టీచర్, ముందు!" అంది నాయకురాలు. అందరూ నవ్వారు. నేను కాలు ఎత్తాను గాని దించలేకపోయాను. ఈలోగా కోళ్ళు వచ్చి ఒక మూలంతా తినేశాయి.

తర్వాత పొడి సున్నం పోయించాను. సముద్రపు గాలికి అది పిల్లల కళ్ళల్లో పడింది. తారులాంటి నల్లటి కీలు పూసిన వల తాడు పరిచి చూస్తే కాలి వేళ్ళు తట్టుకుని ఇద్దరు బోర్లా పడ్డారు. మూలలకు గుర్తుగా ఆల్చిప్పలు పెడదామనుకున్నాను. ఆడేది ఒట్టికాళ్ళతో అని గుర్తొచ్చి, ఎర్రగుడ్డ ముడులతో సరిపెట్టాను. గీతల సంగతి మాత్రం తేలలేదు.

మా అమ్మ నా ముఖం చూసి సంగతి కనుక్కుని, తన మంచం నవారు విప్పడం మొదలుపెట్టింది.

"తెల్లగా ఉండాది, వెడల్పుగా ఉండాది. తీసకపో. చాప మీద పడుకుంటే నేనేం అరిగిపోనులే."

"చినిగితే?"

"చినగదు. కోయొద్దు మాత్రం. ముక్కలైతే మళ్ళీ అల్లలేను."

నాలుగు వైపులా పరిచి, సరుగుడు పుల్లలు చీల్చి మేకుల్లా దిగగొట్టాను. నవారు సరిగ్గా సరిపోయింది, ఒక్క జానెడు మిగల్లేదు. చివరి వైపు పరుస్తున్నప్పుడు మరక కనిపించింది. అరచేయంత వెడల్పున, గోధుమరంగులో. ఆ మంచం మీదే మా అక్క పురుడు పోసుకుంది. చాకలామె ఎన్నిసార్లు ఉతికినా అది పోలేదు. తిప్పి చూశాను, అటువైపూ అంతే. కోయొద్దన్న మాట గుర్తుంది. సుద్దముక్కతో రుద్ది తెల్లగా చేసి, జనం నిలబడని సరుగుడు తోపు వైపుకు దాన్ని పెట్టాను.

ఆట రోజు పెద్ద స్కూలు జట్టు ఆ తోపులోంచే వచ్చింది. బస్సు దిగి అడ్డదారి పట్టారట. వాళ్ళ డ్రిల్లు మాష్టారు గీతల వెంట నడుస్తూ సరిగ్గా అక్కడ ఆగారు. గాలికి సుద్ద అప్పటికే లేచిపోయింది.

"ఏం మరకమ్మా ఇది? తుప్పా?" అన్నారు వంగి.

అవునంటే సరిపోయేది. అనకుండా పక్కనున్న మేకును సర్దుతూ ఉండిపోయాను. ఊళ్ళో పురుళ్ళన్నిటికీ వెళ్ళే పక్కింటి అత్త ఆట చూడ్డానికి వచ్చి అక్కడే నిలబడి ఉంది.

"తుప్పేంది సారూ! పురిటి మంచం నవారది. నా చేతుల మీదనే గదా బిడ్డ బయటపడినాడు!" అంది నవ్వుతూ, ఎంతో సంబరంగా.

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. మగవాళ్ళు సముద్రం వైపు చూశారు. వచ్చిన పిల్లలు గీతకు దూరంగా జరిగారు. మాష్టారు నిటారుగా నిలబడి, నా వైపు చూడకుండా, "గీత కొంచెం వంకరగా ఉన్నట్టుంది. ఇట్లా ఆడించడం కుదరదు" అన్నారు.

మా నాయకురాలు నన్నే చూస్తోంది. ఏదో ఒకటి చెప్పమని అడుగుతున్న చూపు అది. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఆ వైపు మేకులు పీకి, నవారు చుట్టడం మొదలుపెట్టాను. నాకు చేతనైంది అంతే.

"మూడు గీతలుండాయి గదా సార్. నాలుగోది ఇసక తడిపి గీస్తాం" అంది ఆ పిల్ల.

"ఆరిపోతుందమ్మా."

"మళ్ళీ తడుపుతాం. అత్తా, బిందె తేమే! నోరు పారేసుకున్నావు గదా, నీళ్ళన్నా పొయ్యి!"

"తెస్తన్నాలే, రాణీగారూ!" అంటూ అత్త చీర ఎగ్గట్టి బావి వైపు పరుగెత్తింది. తడి ఇసుకలో కర్రతో గీసిన గీత లోతుగా, నల్లగా కనబడింది. మాష్టారు కాసేపు మీసం దువ్వుకుని ఈల ఊదారు.

ఆట జరిగింది. నవారు కోయలేదు కాబట్టి, అది మిగతా గీతకు కలిసిన మూలనే తోపు నీడన కూర్చున్నాను. మరక ఉన్న మడత లోపలికి పెట్టి, నవారు చుట్టను ఒళ్ళో ఉంచుకుని, దాని మీద పైట కప్పాను. గాలికి పైట తొలిగినప్పుడల్లా సర్దుకున్నాను. అరుపులు వినిపించాయి, చప్పట్లు వినిపించాయి. తల ఎత్తితే ఎవరి కళ్ళు నా మీద ఉంటాయోనని ఎత్తలేదు. మా వాళ్ళు గెలిచారని కేకల్ని బట్టి తెలిసింది.

ఆ రోజు డైరీలో గాలి ఎక్కువగా ఉందని రాశాను. ఇంకేమీ రాయలేకపోయాను.

మర్నాడు బడి మొదలవకముందే నాయకురాలు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇంకా ఆయాసపడుతూనే, ఖాళీ చేతిని గాల్లో తిప్పి చూపించింది.

"చివర్న నేను ఎడం చేత్తో ఇట్టా పట్టి, ఇట్టా ఇసిరినాను. చూసినారు గదా టీచర్?"

ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. బయటివాళ్ళతో ఆమె ఆడిన ఆట ఆ ఒక్కటే.

"చూశాను" అన్నాను.

"ఎట్టుండింది?"

హాజరు పుస్తకం తెరిచి, గంట కొట్టేదాకా అందులోకే చూస్తూ కూర్చున్నాను.