జనగామలో ఒక్కదాంట్లో పటం పోలేదు

సకల జనుల సమ్మె ముగిసి మహబూబాబాద్‌లోని మా కాలేజీ ఆఫీసు తెరిచిన రోజు కంప్యూటర్లన్నీ నల్లబడి ఉన్నాయి. పనిచేయక కాదు. అక్షరాలు కనిపిస్తున్నాయి, మౌస్ కదులుతోంది. వెనుక ఉండాల్సిన తెలంగాణ పటమే లేదు. దాని చోట కటిక నలుపు, మూలన ఇంగ్లిషులో ఒక చిన్న వాక్యం.

మా యాజమాన్యానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో కాలేజీలుండేవి. మూడింటికీ ఒకరే కంప్యూటర్ సారు. గుంటూరు వైపు మనిషి, కాపురం జనగామలో. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు అక్కడ ఒకదాన్ని సిద్ధం చేసి, దాని అచ్చు తీసి మిగతా అన్నింటిలోకి ఎక్కించారు. దాన్ని ఇమేజ్ అంటారట. మా క్యాషియర్ పట్టుబట్టి ఆ మొదటిదాంట్లోనే పటం పెట్టించాడు, అన్నింటికీ అదే వస్తుందని. సారు అలాగే పెట్టారు.

ఇప్పుడు క్యాషియర్ ముఖం కందగడ్డ అయింది.

"చూసినవా అక్కా. మనం సమ్మెల ఉంటే గాయన మన పటం తీసేసిండు. భూపాలపల్లిల గూడ గిట్లనే ఉన్నదట. మేనేజ్‌మెంటుకు చెప్పి ఆయన ఊరికి ఆయనను పంపియ్యాలె."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ రోజుల్లో అలాంటి ఫిర్యాదు వెళ్తే యాజమాన్యం రెండో మాట అడగదు. సారు పిల్లలు జనగామ బడిలో చదువుతున్నారు. అయినా నన్ను ముందుగా పట్టుకున్నది జాలి కాదు, క్యాషియర్ మాట మీద అనుమానం.

"జనగామల ఏమైంది?"

"ఆడ గూడ గిట్లనే. ఒక్కదాంట్ల మాత్రం పటం ఉన్నదట."

"ఏ ఒక్కదాంట్ల?"

"అదే, మొదాలు తయారుచేసినదాంట్ల."

"కుట్ర చేసెటోడు దాన్నెందుకు ఇడిసిపెట్టిండు? ముద్దొచ్చిందా?"

మూలన ఉన్న వాక్యం చదివాను. ఈ కాపీ అసలైనది కాదు, అంటోంది. నాకు మండింది. టేబుల్ కింద ప్రతి కంప్యూటర్ పెట్టె మీదా లైసెన్సు స్టిక్కర్ మెరుస్తుంటే కాకపోవడమేమిటి?

మధ్యాహ్నం రైలు దిగి సారు వచ్చారు. గదిలో ఎవరూ కూర్చోమనలేదు. నేనే కుర్చీ జరిపి అడిగాను.

"లైసెన్సులన్నీ కొన్నం గద సారూ, గిది నకిలీ ఎట్లయితది?"

ఆయన తెర చూసి నుదురు రుద్దుకున్నారు. "ఇమేజ్‌తోపాటు జనగామ మొదటి కంప్యూటర్ కీ, అంటే దాని లైసెన్సు నంబరు కూడా అన్నింట్లోకీ వెళ్లిపోయిందండీ. ఆ కీ దానికొక్కదానికే చెల్లుతుంది. మిగతావాటికి వాటి స్టిక్కర్ మీదున్న కీ విడిగా కొట్టాలి. దానికి నెల గడువుంది కదా, వచ్చి కొడదామనుకున్నా. ఈలోగా సమ్మెకు ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. గడువు దాటితే దానంతటదే నల్లబడుతుంది మేడమ్, నేను చేసిందేం లేదు."

"మరి అచ్చు తీసుడు తప్పా?"

"అన్నింటికీ ఒకే అచ్చు వేసుకోవాలంటే ఆఫీసు మొత్తానికి వేరే రకం లైసెన్సు తీసుకోవాలండీ. మేనేజ్‌మెంటుకు చెప్పాను. స్టిక్కర్లున్నాయిగా, చాలన్నారు."

"పైసలు మావి, పెట్టె మాది, మాదాంట్ల మేం ఏసుకునేటందుకు మళ్ల ఇంకో హక్కా?" అని కాసేపు వాదించాను. ఆయనతో వాదించి లాభం లేదని తెలుసు. ఆ షరతులు రాసినవాళ్లు దొరకరు కదా.

క్యాషియర్ గోడకానుకొని వింటున్నాడు. "సమ్మెతోనే పటం పోయిందంటవా?" అని గొణిగాడు.

"సమ్మె చేసినోళ్లల్ల నువ్వే ముందున్నవు. ఇగ టేబుల్ కిందికి దూరి ఆ స్టిక్కర్ చదువు," అన్నాను.

తిట్టుకుంటూనే దూరాడు. బొజ్జ అడ్డం వస్తుంటే మెడ వంచి ఒక్కో అక్షరం చదివాడు, సారు కొట్టారు. ఆ కంప్యూటర్ నలుపు వదిలింది. పటం దానంతటది తిరిగిరాలేదు. సారు మౌస్ మీద చెయ్యేసి ఆగారు.

"పెట్టమంటారా?"

క్యాషియర్ మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "జరుగు సారూ, నేను పెట్టుకుంట. నువ్వు చాయ్ తాగు." పటం పెట్టాడు. తర్వాత సారు వైపు తిరక్కుండానే అడిగాడు.

"రేపు భూపాలపల్లికి ఏ బస్సుకు పోతవు? నేను గూడ వస్త. ఆడ కిందికి దూరి చదివెటోడు కావాలె గద."