గాలికి జాగా

మా తాకేటా వీధి పిల్లలకు బయాలజీ ట్యూషన్ చెప్పిన సెయా గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఇక్కడి భాషలో మేష్టార్ని సెయా అంటారు, మేమూ అలాగే పిలుస్తాం. ఎవరింటికెళ్ళినా, మూత పెట్టిన గిన్నె కనబడితే చాలు, ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. మూత తీసి, కాస్త గాలి ఆడనిచ్చి, మళ్ళీ పెట్టేవారు.

ఒక వైశాఖ పున్నమికి, చెరువులో వదిలి పుణ్యం కట్టుకుందామని మా మామ్మ బతికున్న చేపలు కొంది. అవి హాయిగా ఈదాలని ప్లాస్టిక్ సంచీలో మూతిదాకా నీళ్ళు పోయించి, బిగించి కట్టించింది. బస్సులో మా పక్కన కూర్చున్న సెయా ఆ సంచీ చూసి, ముడి విప్పి, సగం నీళ్ళు కిటికీలోంచి పారబోసేశారు.

"ఏటి సెయా! సేపల్ని సంపేత్తారేటి?" అని మామ్మ గోలపెట్టింది.

"లేదు మామ్మా. గాలి ఎక్కువున్న కాణ్ణించి తక్కువున్న కాడికి దానంతటదే పోతాది. ముందు నీళ్ళలోకి దిగుతాది, ఆ నీళ్ళలోంచి సేప మొప్పల్లోకి దిగుతాది. మీరేమో దానికి జాగాయే ఉంచలేదు!"

ఖాళీ అయిన సగంలో గాలి పట్టి ఆయనే ముడేశారు. చెరువు దగ్గర బస్సు దిగేసరికి, అందాకా సోలిపోయి ఉన్న చేపలు తోకలాడిస్తున్నాయి.

మర్నాడు ఆయన మా ఇంటికొస్తే మామ్మ టీ గ్లాసు మీద మూతపెట్టి ఇచ్చింది. ఆయన అలవాటుగా మూత తీశారు. టీ సగమే ఉంది.

"ఏటి మామ్మా ఇది?"

"గాలికి జాగా ఉంచాను సెయా."

"దీన్లో సేపల్లేవు, నిండా పోసేయండి!"