ఊపిరికి తేలిన ముఖం

ఉద్యోగ విరమణకు ముందు ఏడాది చలికాలంలో, తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయం మ్యూజియంలో నాణేల విభాగం నాకు అప్పగించారు. ఎవరైనా పాత నాణెం తెస్తే అది ఏ దేశానిదో, ఏ కాలానిదో చూసి రాసివ్వడం మా పని. వచ్చినవాళ్లలో చాలామంది ధర అడుగుతారు. లాలాపేట్ నుంచి వచ్చిన కరుణ టీచర్ అడగలేదు.

ఆమె తెచ్చింది రెండు వైపులా అరిగి బోడిగా అయిన రాగి బిళ్ల. యానాం వైపు నుంచి వాళ్ల అమ్మమ్మతో వచ్చిందట. ప్రార్థన చేసుకుంటూ పెదవుల దగ్గర పట్టుకుంటే అందులో ఒక మగమనిషి ముఖం కనిపిస్తుందని చెప్పింది. చనిపోయేముందు వాళ్ల అమ్మ కూడా అదే మాట అన్నదట.

"అమ్మకు గిట్లనే మొదలైంది సార్," అన్నాడు వెంట వచ్చిన తమ్ముడు. "సోమవారం అక్కను ఎర్రగడ్డ తీస్కపోతున్న. అండ్ల ఏం లేదని మీరు ఒక్కమాట చెప్తే నమ్ముతదని తీస్కొచ్చిన."

పిచ్చాసుపత్రి అనడానికి నోరు రాక నగరంలో అందరూ ఎర్రగడ్డ అనే అంటారు. ఆమె తల దించుకుంది. నాకు అతని మీద కోపం వచ్చింది.

అచ్చు గుద్దినప్పుడు లోపలి లోహం కూడా నొక్కుకుపోతుంది. పైన బొమ్మ అరిగినా ఆ తేడా మిగులుతుంది కాబట్టి, నాణేన్ని చల్లబరిచి ఊపిరి ఊదితే ఆవిరి ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి ఊదాను. పొడుగు ముక్కు, వెనక్కి కట్టిన జుట్టు, అంచున కొన్ని లాటిన్ అక్షరాలు తేలి, ఆవిరితోపాటే పోయాయి. ఎన్నిసార్లు చేసినా నాకిది వింతగానే ఉంటుంది. తమ్ముడికీ చూపించాను. అతను ఎర్రగడ్డ వద్దులే అని, ఆటో పిలవడానికి బయటికి నడిచాడు.

లూయీ రాజుల కాలపు 'సోల్' అనే ఫ్రెంచి నాణెం అని రాశాను. ముఖం ఎటు తిరిగి ఉందో రాయడం మాకు నియమం. "రాజు ముఖం ఎడమకు" అని చదివి వినిపించాను.

"ఈయన కాదు సార్," అంది కరుణ టీచర్ నెమ్మదిగా. "నాకు కనబడేటాయన సీదా నా దిక్కే చూస్తడు." నాణేన్ని తిప్పి నా ముందుకు జరిపింది. "గీ దిక్కు ఊదుండ్రి."

పుస్తకాల ప్రకారం సోల్ వెనకవైపు డాలు, కిరీటం మాత్రమే ఉంటాయి. నేను ఊదలేదు. ఆ మాట తమ్ముడి చెవిన పడితే మళ్లీ ఎర్రగడ్డే; అతనికి చెప్పలేదు. వెనకవైపు వివరం రాయాల్సిన చోట "పరిశీలించలేదు" అని రాసి సంతకం పెట్టాను. నిపుణుడు తాను చూసినంతవరకే రాయాలి. ఎంతవరకు చూడాలో కూడా అతనే తేల్చుకోవాలి.