పొడుగాటి జవాబే కరెక్టు

నా చెయ్యి "సి" అని రాసేసింది. ప్రమాదం నాకు మొదటిసారి తెలిసింది ఆ క్షణంలోనే.

అమలాపురంలో కింద చెప్పుల దుకాణం, పైన గల్ఫ్ నర్సింగ్ లైసెన్సు పరీక్షకి కోచింగ్. సారు ప్రశ్న చదివారు. ముసలాయన, గుండె బలహీనం, కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు, నీరసంగా ఉందంటున్నాడు. నర్సు మొదట ఏం చేయాలి? "సి" అంటే సెలైన్ వేగంగా ఎక్కించడం, నాలుగిట్లోకీ పొడుగాటి జవాబు. గదిలో అమ్మాయిలందరూ ఒక్క గొంతుతో "సి అండి" అన్నారు. నేను నోరు తెరవలేదు గాని నా పెన్ను అప్పటికే పని కానిచ్చేసింది.

అలాంటి మనిషికి సెలైన్ ఎక్కిస్తే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. మంచం మీదే మునిగిపోతాడు. బీఎస్సీ నర్సింగులో ఆ పాఠం నాకు బాగా వచ్చు. వచ్చిన పాఠం బుర్రలో అలాగే ఉంది, చేతికి మాత్రం వేరే అలవాటు పడింది.

ఆ అలవాటు ఎక్కడిదో వెతుక్కోనక్కర్లేదు. నేను పనిచేసే నర్సింగ్ హోమ్‌కి మనుషులు జబ్బు చెప్పుకోవడానికి రారు, సెలైన్ పెట్టించుకోవడానికి వస్తారు. కోతలయ్యాక ఒకటి, పెళ్లిపనులకి ముందు ఒకటి, కోడలితో పడకపోతే ఒకటి. పసుప్పచ్చ మందు కలిపిన సీసా అయితే ఇంకా గౌరవం. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చి, చెయ్యి చాపి పడుకుని, బొట్టు బొట్టుగా దిగుతున్న ఉప్పునీళ్లని దేవుడి తీర్థంలా చూస్తూ ఉంటారు. డాక్టరుగారు కాదనరు. కాదంటే పక్క వీధిలోకి పోతారని ఆయన బెంగ. "సిస్టరూ, ఓ సీసా పెట్టు" అనడమే ఆయన వైద్యంలో సగం. మిగతా సగం రాతలో ఉంటుంది, అది ఎవరికీ అర్థం కాదు.

నేను లేచి నిలబడ్డాను.

"సారండీ, అది సి కాదేమోనండి."

"మరేవంటావమ్మా?"

"తలవైపు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాలండి. సెలైన్ ఎక్కిస్తే మనిషి పోతాడండి."

"పోతే పోతాడమ్మా, కంప్యూటర్లో మనిషేగా!" అన్నారు సారు. గదంతా నవ్వింది. "నువ్వు పేషెంటుని బతికించడానికొచ్చేవా, పాసవ్వడానికొచ్చేవా? పొడుగాటి జవాబు ఏదుంటే దాన్ని కొట్టండి. ఆలోచించకండి. ఆలోచించినోళ్లందరూ ఇక్కడే బెంచీల మీదున్నారు, ఆలోచించనోళ్లు దుబాయ్‌లో ఉన్నారు. అవునా, కాదా?"

"ఆయ్" అంది గది.

వెనక బెంచీ అమ్మాయి నా జడ మెల్లగా లాగింది. "కూర్చో అక్కా. నువ్విలా అడ్డుపడితే ఇవాళ్టి బిట్లు అవ్వవు."

బిట్లు అనేవి ఎలా పుడతాయో చెప్పాలి. పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు సారుగారికి అప్పజెబుతారు. జవాబు ఏమిటో వాళ్లకీ తెలియదు కాబట్టి ఆయన తేలుస్తారు. ఆయన వార్డులో ఒక్క రాత్రి కూడా డ్యూటీ చేసిన మనిషి కాదు. ఎక్కువమంది ఏ అక్షరం అరిస్తే ఆ అక్షరం జవాబు. అరిచేవాళ్లందరూ నాలాగే సీసాలు వేలాడదీసే చోట్ల పనిచేసినవాళ్లు. ఆ జవాబుల్నే ప్రింటు తీసి, మళ్లీ మాకే ఇచ్చి, మా చేతే బట్టీ పట్టిస్తారు. దీన్ని చదువు అనడానికి నాకు నోరు రాదు. అయినా అక్కడికి వెళ్లాను, ఎందుకంటే ఒకసారి ఈ పరీక్ష తప్పాను. ఇంకోసారి తప్పితే మళ్లీ రాయనివ్వడానికి చాలాకాలం పడుతుంది.

ఆ కాలమే నా దగ్గర లేదు. మా ఆయన గల్ఫ్‌లో స్కూలు బస్సు నడుపుతారు. ఆయన ఒక్కరి జీతానికి భార్యాపిల్లల్ని అక్కడికి రానివ్వరు. నాకు లైసెన్సు వచ్చి ఉద్యోగం దొరికితేనే నలుగురం ఒక ఇంట్లో ఉండగలం. మా చిన్నాడికి నాలుగేళ్లు. వాడికి తండ్రి అంటే అరచేతిలో పట్టే మనిషి. ఎవరి ఫోను మోగినా "నాన్న" అంటాడు. తాటిపాకలో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఎవరిదో ఫోను మోగితే, వాడు తినే బిస్కెట్టు ఆ ఫోనుకేసి చాపాడు. ఆ పెద్దమనిషి నవ్వాడు. నేను నవ్వలేదు.

మర్నాటి నుంచి కోచింగుకి వెళ్లలేదు. ఆ సంగతి ఫోనులో మా ఆయనకి చెప్పాను.

"అందరూ అలాగే పాసయ్యేరంటున్నారు కదా" అన్నారు. "నీ ఒక్కదానికే వచ్చిందా తెలివి?"

"ఏవండీ, రేపు మీరు ఆసుపత్రిలో పడితే అలాంటి నర్సు చేతిలో పెట్టమంటారా?"

"నాకు నువ్వు కావాలి, పిల్లలు కావాలి. సి కొడితే వస్తారంటే సి కొట్టు."

ఆ మాటని మాత్రం తీసిపారెయ్యలేకపోయాను.

కాలేజీ పుస్తకాలు అటక మీంచి దింపాను. చెదలు పట్టినవి పట్టగా మిగిలిన పేజీలు చదివాను. డ్యూటీ నుంచి వచ్చి, పిల్లలకి అన్నం పెట్టి, గుండె, కిడ్నీ, కాన్పు, పసిపిల్లలు, మందుల మోతాదులు ఒక వరసలో చదవడం మొదలుపెట్టాను. ప్రతి ప్రశ్నకీ నా చెయ్యి ముందు ఏం చెబుతుందో చూసుకునేదాన్ని. జ్వరమా, సెలైన్. కళ్లు తిరుగుతున్నాయా, సెలైన్. అనుమానమా, డాక్టరుగారికి ఫోన్. మనిషి కళ్లెదుట ఊపిరాడక కొట్టుకుంటున్నా, కూర్చోబెట్టేముందు ఫోన్ చేసి అడగమని నేర్పిన చోటు మా నర్సింగ్ హోమ్. ఆ నేర్పుని విదిలించుకోవడమే నా చదువులో పెద్ద భాగం అయింది.

ఆ రోజుల్లోనే మా అత్తగారి చెల్లెలు అప్పనపల్లి నుంచి వచ్చారు. పెళ్లిచూపులప్పుడు "నర్సా? ఇంత మంచి ఇంటికి ఆ పని చేసే పిల్ల ఎందుకక్కా?" అని నేను వింటుండగానే అన్న మనిషి. ఇప్పుడు వీధరుగు మీద కూర్చుని నాకేసి చెయ్యి చాపారు.

"అమ్మాయ్, ఓ సెలైన్ పెట్టెయ్యి. ఒళ్లు తూలిపోతోంది."

ఆవిడ పాదాలు బూరెల్లా ఉన్నాయి. చీలమండ మీద వేలితో నొక్కాను. గుంట పడి అలాగే ఉండిపోయింది. రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నారని అడిగితే, తలకింద మూడు దిళ్లు ఉండాలన్నారు.

"సెలైన్ పెట్టనండీ. మీకది ప్రమాదం. గుండె డాక్టరుకి చూపించుకోండి, రేపే."

"సీసా పెట్టమంటే గుండె అంటావేంటే! నా గుండెకేం, గుండ్రాయిలా ఉంది."

"పరీక్ష కదే చెల్లీ" అన్నారు మా అత్తగారు లోపల్నుంచి. "ఇప్పుడు అందరిలోనూ జబ్బులే కనపడతాయి తనకి."

"సూది గుచ్చడం మర్చిపోయినట్టుంది, అది చెప్పుకోలేక ఈ కబుర్లు" అని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సాయంత్రమే ఆటో ఎక్కి వెళ్లిపోయారు. నేను వాళ్లబ్బాయికి ఫోన్ చేసి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో చెప్పాను. "ఆయ్, తప్పకుండానండి వదినా" అన్నాడు. చూపించాడో లేదో మళ్లీ చెప్పలేదు, రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. ఇంటికొచ్చిన పెద్దావిడకి నేను సెలైన్ పెట్టలేదన్న సంగతి మాత్రం చుట్టాలందరికీ తెలిసింది. అలాంటి కబుర్లు వాళ్ల దగ్గర ఆలస్యం కావు.

పరీక్ష హైదరాబాదులో. గాజులు తీయించారు, జడలో పిన్నులు తీయించారు, జేబులు తిరగేయించారు. కోచింగులో నా జడ లాగిన అమ్మాయికీ అదే రోజు పడింది. నా పక్క కంప్యూటరే. మొదలుపెట్టేముందు రెండు చేతులూ జోడించి దండం పెట్టి, తర్వాత వేరుశెనగలు ఒలుస్తున్నట్టు టకటకా కొట్టుకుంటూ పోయింది.

బిట్లు రాలేదు. వచ్చినవి కూడా మొహం మార్చుకుని వచ్చాయి. ఒక ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నలుగురు రోగులు, ఒక్కతే నర్సు, ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? మా నర్సింగ్ హోమ్‌లో దీనికి ఆలోచనే అక్కర్లేదు. ప్రెసిడెంటుగారి తాలూకు ఎవరో అడిగి వాళ్ల దగ్గరికి వెళ్తాం. అలాంటివాళ్లు లేకపోతే ఎవరు ఎక్కువ గొడవ చేస్తే వాళ్ల దగ్గరికి. తెరమీద ఒకడు నొప్పని అరుస్తున్నాడు, ఒకావిడ తనని ఎవరూ పట్టించుకోవడం లేదని కోపంగా ఉంది, ఒకడికి కట్టు మార్చాలి, నాలుగో మనిషి పొద్దుట్నుంచి మాట్లాడుతూ మాట్లాడుతూ ఇప్పుడు మగతగా, మాటలేకుండా ఉన్నాడు. నా చెయ్యి అరిచేవాడి మీదికే వెళ్లింది. ఆపాను. అరుస్తున్నాడంటే ఊపిరి బాగానే ఆడుతోంది. నాలుగో మనిషిని నొక్కాను. అందరికంటే పొట్టి జవాబు అది.

ఇచ్చిన సమయమంతా కూర్చున్నాను. చివరి మీట నొక్కాక తెర తెల్లగా అయి, కాసేపు ఏమీ చూపించలేదు. ఆ కాసేపట్లో పిల్లలిద్దరికీ మళ్లీ ఎన్నేళ్లు ఫోనులో తండ్రిని చూపించాలో లెక్క వేసుకోబోయి ఆపేశాను. తర్వాత పాస్ అని వచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను.

బయట ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకుంది. "అక్కా, నేనూ పాస్! సగం ప్రశ్నలు ఎప్పుడూ చూడనివే. పొడుగాటివి కొట్టుకుంటూ పోయేనంతే!"

ఆ పరీక్ష మీద నాకు మిగిలిన కాస్త గౌరవమూ అక్కడితో పోయింది. ఇద్దరికీ ఒకటే లైసెన్సు వస్తుంది, ఒకటే తెల్లబట్టలు ఇస్తారు. ఏదో ఊళ్లో ఏదో వార్డులో పడుకున్న ముసలాయనకి, తన మంచం దగ్గరికి వచ్చింది మా ఇద్దరిలో ఎవరో తెలిసే దారి లేదు. ఆ పిల్ల మీద కోపం రాలేదు. చెమట పట్టిన చేతులతో నన్ను పట్టుకుని వాళ్లమ్మకి ఫోన్ కలుపుతోంది.

ఇంటికెళ్లే బస్సు హైదరాబాదు దాటకముందే కోచింగు సారు ఫోన్ చేశారు.

"కంగ్రాట్సమ్మా! ఓ మంచి ఫోటో పంపు, ఫ్లెక్సీలో వేయించాలి. నువ్వూ ఆ అమ్మాయీ పక్కపక్కనే వస్తారు."

"నేను మధ్యలోనే మానేశాను కదండీ."

"మానేస్తే మాత్రం మా స్టూడెంటువి కాకుండా పోతావా?"

"పంపనండీ."

"సరేలే, అప్లికేషనుకి ఇచ్చినదుందిగా మా దగ్గర" అని పెట్టేశారు. ఇది రాస్తున్న రాత్రికి ఆ చెప్పుల దుకాణం మీద నా మొహం వేలాడుతూనే ఉంది. కింద "మా బిట్లు, మీ విజయం" అని ఉంది.

బస్సులోంచే ఫోన్ చేసి చెబితే మా ఆయన ఏడ్చారు. ఎప్పుడూ ఏడవని మనిషి. తర్వాత తెప్పరిల్లి, అక్కడి పద్ధతి చెప్పారు. ఉద్యోగం వచ్చాక ముందు నేను ఒక్కదాన్నే వెళ్లాలి. ఆసుపత్రివాళ్లు నన్ను ఉంచుకుంటామని ఖాయం చేశాక, ఇల్లు చూసుకున్నాక, అప్పుడు పిల్లల కాగితాలు. ఇదంతా ఆయనకి ముందే తెలుసు. చెబితే నేను పరీక్ష రాయనని చెప్పలేదట. రావులపాలెం వచ్చేదాకా నాకు కునుకు పట్టలేదు. చిన్నాడికి రాత్రిళ్లు దగ్గు వస్తే వీపు ఎలా నిమరాలో మా అత్తగారికి చూపించాలని ఒక ఆలోచన. చూపించినా ఆవిడ వాడికి ఓ సీసా పెట్టించుకొస్తారేమోనని ఇంకొకటి.

తెల్లారి ఇంటికి చేరేసరికి ఇద్దరూ గేటు పట్టుకుని ఉన్నారు. చిన్నాడు తన చెప్పులూ, చక్రం ఊడిన కారూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, నాన్న దగ్గరికి వెళ్లడానికి తయారుగా నిలబడ్డాడు. పెద్దది, "పాసయ్యేవా? ఇప్పుడే వెళ్తున్నామా?" అంది. సంచీ కింద పెట్టి, ఇద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టుకున్నాను.

"పాసయ్యేను. కాని ఇవాళ వెళ్లట్లేదు. ముందు అమ్మ ఒక్కతే వెళ్తుంది. అక్కడ ఉద్యోగం నిలబడ్డాక నాన్నో నేనో వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాం. ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలీదమ్మా. త్వరగానే అని మీ నానమ్మ చెబుతుంది, నాన్న చెబుతారు. నేను చెప్పను. ఏడవాలంటే ఇప్పుడే ఏడవండి, నేనిక్కడే ఉన్నాను."